అయిదు గంటలకు పిలుపు అందుకున్న కూలీలు

ఆదివారం మొదటి ఆరాధనకు సికింద్రాబాద్ వెళ్లేటప్పుడు కూకట్‌పల్లి దగ్గర లేబర్ అడ్డా మీదుగా పోవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఆరు దాటేసరికే అక్కడ జనం నిండిపోయి ఉంటారు. ఒకరి చేతిలో తాపీ, ఒకరి భుజాన పార, మరొకరి సంచిలో రంగు బ్రష్షులు, దాదాపు అందరి దగ్గరా సద్ది డబ్బా కనిపిస్తాయి. పాలమూరు పల్లెల నుంచి వచ్చినవారూ శ్రీకాకుళం నుంచి వచ్చినవారూ పక్కపక్కనే నిలబడి, మేస్త్రీ బండి ఆగగానే ఒక్కసారిగా దాని చుట్టూ మూగుతారు. మేస్త్రీ కంటికి ముందుగా ఆనేది కండబలమున్న కుర్రవాళ్లు. ఆరాధన ముగించుకుని పదిన్నరకు నేను తిరిగి వచ్చే సమయానికి అక్కడ మిగిలేది తల నెరిసినవారు, కాలు ఈడ్చి నడిచేవారు, చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని గోడవార కూర్చున్న ఆడవాళ్లు. ఎండ ఎక్కుతున్నా వాళ్లు కదలరు, ఎందుకంటే ఇంటికి వట్టి చేతులతో వెళ్లడం కన్నా అక్కడ నిలబడటమే వారికి సులువు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానాన్ని నేను సరిగా చదవడం నేర్చుకున్నది, ఒప్పుకోవాలంటే, ఆ రోడ్డు మీదే. యేసు చెప్పిన ఆ కథలో తోట యజమాని తెల్లవారి నుంచి సాయంత్రం అయిదు దాకా విడతలుగా కూలీలను పిలుచుకుని, చివరికి అందరికీ ఒకే కూలి ఇస్తాడు. తెల్లవారి నుంచి ఎండబాధ సహించినవారు దానికి సణుగుతారు. తెలుగు బైబిలులో ఆ కూలీలు "సంత వీధిలో ఊరక నిలిచియున్న" వారు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ "ఊరక" అన్న మాట దగ్గర మాకు సోమరితనం గురించి పాఠం చెప్పారు. కథ చివరికి వచ్చేసరికి, ఆలస్యంగా వచ్చినా దేవుడు చేర్చుకుంటాడు గాని మీరు మాత్రం ఆలస్యం చేయకండి అని ముగించారు. అంటే దేవుడి ఔదార్యం గురించిన కథ మా చేతికి వచ్చేటప్పటికి సమయపాలన గురించిన హెచ్చరికగా మారిపోయింది. వాక్యంలో మాత్రం యజమాని వారిని నేరుగానే అడుగుతాడు, వారు నేరుగానే జవాబిస్తారు: "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు." పదిన్నర గంటల అడ్డాను ఒక్కసారి చూసినవారెవరూ ఈ జవాబును సోమరి సాకు అనుకోరు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, బైబిలు తెరవగానే ఈ భాగంలో నేను చేయవలసింది ఏమిటి అని అడగడం మనకు అలవాటైపోయింది. ప్రసంగం వింటూ నోటు పుస్తకంలో రాసుకునేవి కూడా చాలావరకు చేయవలసిన పనులే. ఆ ప్రశ్న తప్పు కాదు, అయితే అది ముందు అడగవలసినది కాదు. ఇక్కడ దేవుడు ఏమి చేశాడు, ఎవరికి చేశాడు, వారు దానికి తగినవారా అన్నవి ముందు అడగాలి. కృపను, అంటే అర్హత చూడకుండా దేవుడు చేసే మేలును, కేంద్రంగా పెట్టుకుని చదవడమంటే నాకు తెలిసినంతలో ఇంతే. ఇది అపొస్తలుడైన పౌలు పత్రికలతో, అంటే ఆయన సంఘాలకు రాసిన ఉత్తరాలతో, మొదలైన పద్ధతి అని కొందరు అనుకుంటారు గాని, నిర్గమకాండము 20వ అధ్యాయమే ఇలా నడుస్తుంది. మన ఇళ్లలో గోడకు తగిలించే పది ఆజ్ఞల పటాలు చాలావరకు "నేను తప్ప వేరొక దేవుడు" అన్న మూడో వచనం నుంచి మొదలవుతాయి. దానికి ముందున్న రెండో వచనంలో, దాసుల గృహమైన ఐగుప్తు నుంచి నిన్ను బయటికి రప్పించినవాడను నేనేనని దేవుడు చెబుతున్నాడు. విడుదల ముందు వచ్చింది, ఆజ్ఞ తరువాత వచ్చింది. ఆజ్ఞలు పాటించినందుకు ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రం దాటలేదు. దాటిన తరువాతనే వారికి ఆజ్ఞలు అందాయి. ఆ ఒక్క వచనం పటంలో లేకపోవడం వల్ల ఎన్ని ఇళ్లలో దేవుడు మొదట లెక్కలు అడిగేవాడిగా పరిచయమయ్యాడో అనిపిస్తుంది.

డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో రాబోయే ఏడాదికి దేవుని మాటగా ఒక్కో వచనం అచ్చు వేసిన వాగ్దాన కార్డులు తీసే ఆచారంలోనూ ఈ లెక్క తొంగిచూస్తూ ఉంటుంది. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయంలోని, నిన్ను తలగా నియమిస్తాడు గాని తోకగా నియమించడన్న మాట ఎవరికి వస్తే వారి ముఖం వెలిగిపోతుంది, ఈ ఏడాది ఉపవాసాలు బాగా ఉన్నాను కదా అన్న మాట కూడా మెల్లగా వినిపిస్తుంది. అదే అధ్యాయంలో 15వ వచనం నుంచి 68వ వచనం దాకా ఉన్న శాపాలను ఎవరూ కార్డుల మీద అచ్చు వేయరు. అచ్చు వేయమని నేను అడగడం లేదు. దీవెనను కూలిగా లెక్క కట్టేవారికి ఆ లెక్కలో శాపం కూడా కూలే అవుతుందని మాత్రం గుర్తుండాలి. పౌలు గలతీ పత్రిక 3వ అధ్యాయంలో క్రీస్తు మన కోసం శాపమయ్యాడని రాసింది ఈ చిక్కు ముడిని ఎదురుగా పెట్టుకునే.

ఈ విషయంలో తెలుగు బైబిలు పాఠకులకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని మనం అంతగా గమనించం. నోవహు యెహోవా దృష్టిలో "కృప" పొందాడని ఆదికాండము 6వ అధ్యాయం చెబుతుంది. 136వ కీర్తనలోని 26 వచనాలూ "ఆయన కృప నిరంతరముండును" అన్న పల్లవితోనే ముగుస్తాయి. ఎఫెసీ పత్రికలో "కృపచేతనే రక్షింపబడియున్నారు" అని చదువుతాం. మూలంలో ఇవి మూడు వేరు వేరు మాటలు: మొదటిది హెబ్రీలో హేన్, రెండోది హెసెద్, మూడోది గ్రీకులో ఖారిస్. ఆంగ్లంలో చదివేవారికి కీర్తనలోని మాట ఒకటిగా, పౌలు మాట మరొకటిగా కనిపిస్తాయి కనుక పాత నిబంధన దేవుడు వేరు, కొత్త నిబంధన దేవుడు వేరు అన్న పొరపాటు సులభంగా పుడుతుంది. రెండో శతాబ్దంలో మార్సియన్ అనే బోధకుడు సరిగ్గా ఆ మాటే అని పాత నిబంధనను పక్కకు నెట్టేశాడు, 144లో రోమా సంఘం అతడిని వెలివేసింది. తెలుగులో ఆదికాండము నుంచి పత్రికల దాకా ఒకే మాట వినిపిస్తూ ఉండటం వల్ల మన అమ్మమ్మలు ఏ వేదాంత పాఠశాలకూ వెళ్లకుండానే ఆ పొరపాటు నుంచి తప్పించుకున్నారు. నష్టమూ లేకపోలేదు. హెసెద్‌లో నిబంధన చేసినవాడు మాట తప్పని నమ్మకత్వం ఉంది, ఖారిస్‌లో తగనివాడికి దొరికే బహుమానం ఉంది. ఒకే మాట కింద రెండూ చేరినప్పుడు ఈ తేడా చదువరి చెవికి అందదు. పైగా ఆ కీర్తనలో రాజులైన సీహోనును, ఓగును హతం చేసిన వచనాల చివర కూడా అదే పల్లవి రావడం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. కృపను పట్టుకుని చదివితే ప్రతి వచనమూ మెత్తబడిపోతుందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

ఇక ద్రాక్షతోటకు తిరిగి వెళ్దాం, ఎందుకంటే ఆ కథలో తొందరపడి దాటేసే వివరాలు చాలా ఉన్నాయి. తెల్లవారి వచ్చినవారు మాత్రమే దినానికి ఒక దేనారానికి బేరం కుదుర్చుకున్నారు. తొమ్మిదింటికి వచ్చినవారికి దొరికిన హామీ "ఏమి న్యాయమో అది మీకిత్తును" అన్న మాట ఒక్కటే, అంటే వారు అంకె తెలియకుండానే యజమాని మాట మీద తోటలోకి నడిచారు. దేనారం అప్పట్లో ఒక కూలివాడి దినకూలి, ఒక కుటుంబం ఆ పూటకు గడవడానికి కావలసిన సొమ్ము. పగటిని పన్నెండు గంటలుగా లెక్కించేవారు కనుక చివరి గంటలో వచ్చినవాడికి న్యాయంగా వచ్చేది అందులో పన్నెండో వంతు, దానితో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. యజమాని పని గంటలను లెక్కపెట్టడం మాని ఇంటి అవసరాన్ని చూశాడు. సాయంత్రమే కూలి ఇవ్వడం కూడా అతడి సొంత మంచితనం కాదు, అది మోషే ధర్మశాస్త్రం. కూలివాడు బీదవాడు గనుక ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉంటాడని, సూర్యుడు అస్తమించకముందే ఇచ్చేయాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. కృపకూ ధర్మశాస్త్రానికీ పడదని అలవాటుగా అనేవారు ఆ వచనం దగ్గర కాస్త ఆగాలి.

అన్నిటికన్నా విచిత్రమైనది కూలి పంచిన వరుస. చివర వచ్చినవారితో మొదలుపెట్టమని యజమాని గృహనిర్వాహకుడికి ప్రత్యేకంగా చెబుతాడు. తెల్లవారి వచ్చినవారికి ముందే ఇచ్చి పంపేస్తే వారు తమ దేనారం తీసుకుని సంతోషంగా వెళ్లిపోయేవారు, సణుగుడు ఉండేది కాదు, కథా ఉండేది కాదు. వారు చూడాలనే ఆ వరుస పెట్టాడు. కనుక ఈ ఉపమానం చివర వచ్చినవారిని ఓదార్చడానికి చెప్పినదని నేను అనుకోను, ముందు వచ్చినవారికే చెప్పినది. దాని సందర్భం చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 19వ అధ్యాయం చివర యేసు శిష్యుడైన పేతురు, మేము సమస్తమూ విడిచిపెట్టి నిన్ను వెంబడించాం కదా, మాకేమి దొరుకుతుందని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబులో భాగమే ఈ కథ. బైబిలుకు ఈ అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. ఆ గీత సరిగ్గా ప్రశ్నకూ ఉపమానానికీ మధ్య పడటంతో ఆదివారం పాఠంగా 20వ అధ్యాయం ఒక్కటే చదివినప్పుడు పేతురు మనకు కనిపించకుండా పోతాడు. మరీ విడ్డూరం ఏమిటంటే, ఇంత చెప్పిన తరువాత అదే 20వ అధ్యాయంలో శిష్యులైన జెబెదయి కుమారుల తల్లి యేసు దగ్గరకు వచ్చి తన ఇద్దరు కొడుకులకు కుడివైపునా ఎడమవైపునా స్థానాలు అడుగుతుంది.

యజమాని చివరి ప్రశ్నను మూలంలో ఉన్నది ఉన్నట్టు చెబితే, నేను మంచివాడనైనందుకు నీ కన్ను చెడ్డదైందా అని అర్థం. మన అనువాదకులు దాన్ని "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" అని రాశారు. ఇంతకన్నా సరిగ్గా దాన్ని తెలుగులో చెప్పడం సాధ్యం కాదు. కడుపుమంట పరాయివాడి మీద రాదు, పక్కవాడి మీదే వస్తుంది. సంఘంలో ముప్పై ఏళ్లుగా దశమభాగం ఇస్తూ, కుర్చీలు సర్దుతూ, క్వయర్‌లో పాడుతూ వచ్చినవారికి, నిన్న మొన్న తాగుడు మాని బాప్తిస్మం తీసుకున్నవాడు వేదిక ఎక్కి సాక్ష్యం చెబుతుంటే కడుపులో ఎక్కడో చిన్న నిప్పు రాజుకుంటుంది. ఆ ముప్పై ఏళ్లవారిలో నేనూ ఒకణ్ని కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. బైబిలులో కృప గురించిన భాగాలు చదువుతూ మనల్ని మనం ఎప్పుడూ తప్పిపోయిన కుమారుడి చోటులోనో, అయిదు గంటల కూలివాడి చోటులోనో పెట్టుకోవడం కూడా ఒక రకమైన తప్పించుకోవడమే. పుట్టినప్పటి నుంచి మందిరంలో ఉన్నవారికి అందులో దక్కే చోటు తరచుగా ఎండబాధ సహించినవారి పక్కనే ఉంటుంది.

ఇలా చదివితే పనికి విలువ లేకుండా పోతుందనీ, ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు బతుకుతారనీ భయపడే పెద్దలు ఉన్నారు. ఆ భయం కొత్తది కాదు. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అన్న ప్రశ్నను పౌలే రోమా పత్రిక 6వ అధ్యాయంలో వేసుకుని అట్లనరాదని తోసిపుచ్చాడు. కృపను తిరిగి కనుగొన్నవాడని పేరున్న జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ 1522లో తన కొత్త నిబంధన అనువాదం ముందుమాటలో, క్రియలను నొక్కి చెప్పే యాకోబు పత్రికను గడ్డిపరక లాంటి పత్రిక అన్నాడు. అక్కడ ఆయన తొందరపడ్డాడని నా అభిప్రాయం, ఎందుకంటే కూలివారి కూలి బిగబట్టినవారి మీద అంత కోపంగా మాట్లాడిన పత్రిక కొత్త నిబంధనలో మరొకటి లేదు. ఎఫెసీ 2వ అధ్యాయంలో, రక్షణ క్రియల వల్ల కాదు, కృపచేతనే అని చెప్పే 8, 9 వచనాలను మా చేత కంఠస్థం చేయించి పదో వచనాన్ని వదిలేశారు. మనం సత్‌క్రియలు చేయడానికే సృష్టించబడ్డామని ఆ పదో వచనంలో ఉంది.

ఈ మాటకు రాతి సాక్ష్యం కావాలంటే హైదరాబాదు నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో మెదక్ చర్చి ఉంది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన ఆ కట్టడాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో ఆకలితో ఉన్న చుట్టుపక్కల పల్లెల వారికి ఆ పని చేసినందుకు తిండి దొరికేదని అక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు" అని రోమా పత్రిక 4వ అధ్యాయంలో చదివినప్పుడల్లా నాకు ఆ మందిరం గుర్తుకు వస్తుంది. లెక్క ప్రకారం అది కూలే. అయితే ఆ రోజుల్లో పని దొరకడమే వారికి వరం. ద్రాక్షతోట యజమాని కూడా సంత వీధిలోనే నాణేలు పంచి వెళ్లిపోలేదు. గంట మాత్రమే మిగిలిన పగటిలో కూడా వారిని లోపలికి పిలిచి, పని చేతికిచ్చి, కూలి అన్న పేరుతోనే దానం చేశాడు. బిచ్చం తీసుకున్నామన్న తలవంపు లేకుండా వారు ఇంటికి వెళ్లేలా చూశాడు.

పోయిన తపస్సు కాలంలో మా గృహకూటంలో ఈ భాగం చదివాం. కడుపుమంట గురించి, అధ్యాయాల విభజన గురించి నేను చాలాసేపే మాట్లాడాను. వయసులో ఉన్నప్పుడు ఇదే నగరంలో అడ్డా మీద నిలబడి ఇటుకలు మోసిన ఒక పెద్దమ్మ అంతా విని, "బిడ్డా, పొద్దుగాల పోయినోళ్లు గొణిగింది రాసిన్రు గని, ఆఖరుకొచ్చినోడు పైసలు దీసుకొని ఏమన్నడో రాయలేదేంది?" అని అడిగింది. నిజమే, పిలవకముందు ఆ ఒక్క జవాబు తప్ప కథలో వాళ్లు మళ్లీ నోరు తెరవరు. నేను వ్యాఖ్యానాల్లో ఏమైనా ఉందేమోనని తడుముకుంటుండగా ఆమే అందుకుంది: "ఏమంటడు, ఉరికి ఉంటడు. దుకాణం మూసేలోపల బియ్యం కొనాలె గదా."