12 టీఎంసీల వాదన

ఈ రోజంతా నా పరిశోధన పేపర్‌తోనే సరిపోయింది. కొత్తగా రాసింది రెండు మూడు పేరాలకు మించి ఉండదు, కానీ ఉన్నదంతా విప్పేసి ఇంకో వరుసలో పేర్చాను, సాయంత్రానికి అది వేరే పేపర్ అయింది. ఎలా చేశానో ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా. థీసిస్‌లో మిగతా అధ్యాయాలకీ ఈ పని తప్పదు, అప్పుడు మళ్లీ మొదటి నుంచి తవ్వుకోకుండా.

నా విషయం తెలుగుగంగ, చెన్నైకి కృష్ణా నీళ్లు తెచ్చే పథకం. వెంకటగిరి వైపు నుంచి చెన్నై వచ్చి చదువుకుంటున్నదాన్ని, ఇంతకన్నా దగ్గరి విషయం నాకింకేముంటుంది. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణా నీళ్లు పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి, మా పల్లెల వైపునుంచే కాలవలో పారి, ఊత్తుకోట దగ్గర జీరో పాయింట్‌లో తమిళనాడులోకి వచ్చి పూండి చెరువులో కలుస్తాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు ఒప్పందం కుదిరింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వందకోట్ల ఘనపుటడుగులు) ఇవ్వాలి, అంటే 15, దారిలో పోయేదాని కింద 3 తీసేస్తే సరిహద్దు దగ్గర చెన్నైకి 12. నీళ్లు మొదటిసారి పూండికి చేరింది 1996లో.

ఇప్పుడు నేను ఐదారు వాక్యాల్లో చెప్పిన ఈ కథ డ్రాఫ్ట్‌లో నాలుగు పేజీలుంది. దాని పక్కన మార్జిన్‌లో మా గైడ్ మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న రాసి ఇచ్చారు: దీన్ని ఎవరు కాదంటారు? ఆ ప్రశ్న పట్టుకునే పొద్దున కోట్టూర్‌పురం అన్నా సెంటినరీ లైబ్రరీకి వెళ్లాను. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే హాలు ఎప్పటిలాగే పోటీ పరీక్షల పిల్లలతో నిండిపోయింది, పైకెళ్లి కిటికీ పక్కన చోటు చూసుకున్నా.

నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది, నిజంగా. చరిత్రను ఎవరూ కాదనరు. చెన్నైకి నీటి ఎద్దడి ఉందంటే ఎవరూ కాదనరు, 2019 వేసవి చూసినవాళ్లు అసలే అనరు. అవన్నీ విషయం కిందికి వస్తాయి గానీ వాదన కిందికి రావు. తెలిసినవాడు, తెలివైనవాడు, నాతో పేచీ లేనివాడు కూడా ఆగి, 'ఒప్పుకోను, చూపించు' అనగలిగే మాట ఒకటి చెప్పినప్పుడే పేపర్ మొదలవుతుంది. అందుకని ల్యాప్‌టాప్ తెరవకుండా నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం కోసం కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. చివరికి కుదిరిన వాక్యం ఇది: చెన్నై నగరం కృష్ణా నీటిని ప్రతి ఏడూ వచ్చే వాటాగా లెక్కలో వేసుకోకూడదు, వచ్చిన ఏడు పట్టి నిల్వ చేసుకునే అదనపు నీరుగా చూసి ప్రణాళిక వేసుకోవాలి. దీన్ని కాదనేవాళ్లు చాలామంది ఉన్నారు. నీటిపారుదల ఇంజనీర్లు కాదంటారు, ఒప్పందం మా హక్కు అనే చెన్నైవాళ్లు కాదంటారు, బహుశా మేడమ్ కూడా సగం కాదంటారు. అంటే పేపర్‌కి పని దొరికినట్టే.

వాక్యం దొరికాక నాలుగు పేజీల చరిత్రను తగ్గించడం పెద్ద కష్టం కాలేదు. ఈ వాదనకు ఏది అవసరమో అదే ఉంచాను: ఎంత ఇస్తామన్నారు, ఎక్కడ లెక్కిస్తారు, ఎన్ని చోట్ల దాటి రావాలి. మిగతాదంతా ఇంకో ఫైల్లోకి తోశా, పారేయలేదు.

అసలు కష్టం తర్వాత వచ్చింది. నా దగ్గరున్న ఆధారం, చాలా ఏళ్లు 12 టీఎంసీలు పూర్తిగా అందలేదన్నది. నేను చెప్పేది, కాబట్టి దాన్ని నమ్ముకుని ప్రణాళిక వేయొద్దని. ఈ రెంటి మధ్య చదివేవాడు ఎందుకు నడవాలి? పూర్తిగా అందకపోతే అందేలా చేయండి అని కూడా అదే ఆధారంతో అనొచ్చుగా! తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదనల గురించి రాసినప్పుడు సరిగ్గా ఈ చోటే వేలు పెట్టాడు, ఆధారానికీ తీర్మానానికీ మధ్య ఒక సాధారణ సూత్రం ఉండాలి, చాలాసార్లు రాసేవాడు దాన్ని బయటికి చెప్పడు అని. మన తర్కశాస్త్రం ఈ పని ఎప్పుడో చేసింది. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది అన్నంతమాత్రాన అక్కడ సరిపోదు, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా అని మూడో మెట్టు కూడా పైకి చెప్పాలి. తర్కశాస్త్రం చెప్పే ఐదు అవయవాల్లో, అంటే వాదనకుండే ఐదు మెట్లలో, ఆ మూడోదే నా డ్రాఫ్ట్‌కి కావాల్సింది.

నా మూడో మెట్టు ఏమిటని వెతికితే, అది కృష్ణా నదిలోనే దొరికింది. కృష్ణా నీటిని రాష్ట్రాల మధ్య పంచడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ నీళ్లు పంచినప్పుడు సగటు ప్రవాహం తీసుకోలేదు. నాలుగేళ్లలో మూడేళ్లయినా ఖాయంగా ఉండే నీరు ఎంతో చూసింది, అదే 75 శాతం లభ్యత, ఆ లెక్కన 2060 టీఎంసీలు తేల్చి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. పొలాలకే ఖాయంగా వచ్చే నీటిని బట్టి లెక్క వేసినప్పుడు, ఒక మహానగరం తాగే నీటికి అంతకన్నా వదులైన లెక్క ఎలా పనికొస్తుంది? ఈ ప్రశ్న రాశాక నాకే ఒళ్లు పులకరించింది. ఎక్కడినుంచో అరువు తెచ్చుకోకుండా ఆ నది పంపకంలోనే ఉన్న సూత్రం ఇది, అవతలివాళ్లు కూడా దాన్ని ఇప్పటికే ఒప్పుకున్నవాళ్లే. ఒప్పించడమంటే నాకు తెలిసి చాలావరకు ఇదే, చదివేవాడు ముందే ఒప్పుకున్న మాట ఒకటి వెతికి, అక్కడినుంచి నా మాట దాకా చేయి పట్టుకుని తీసుకురావడం.

మధ్యాహ్నం క్యాంటీన్లో సాంబార్ రైస్ తింటుంటే ఒంగోలు జూనియర్ వచ్చి కూర్చుంది. తనది ఇంకా సినాప్సిస్ దశ, టెన్షన్ పడుతోంది. "అక్కా, మనకి వ్యతిరేకంగా ఉన్నవి చివర్లో లిమిటేషన్స్ కింద పెట్టేస్తే సరిపోదా?" అని అడిగింది. సరిపోదని గట్టిగానే చెప్పాను. చదివేవాడికి అనుమానం రెండో పేజీలో వస్తుంది, మనం ఇరవయ్యో పేజీలో జవాబిస్తే మధ్యలో పద్దెనిమిది పేజీలు అతను మనల్ని నమ్మకుండా చదువుతాడు. పాత శాస్త్రకారులు పూర్వపక్షాన్ని, అంటే అవతలివాడి వాదనను, ముందు పెట్టింది మర్యాద కోసం మాత్రమే కాదు. అవతలివాడి మాటను వాడికంటే బాగా చెప్పగలిగితేనే మన సిద్ధాంతానికి విలువ. పాపం నా ఉపన్యాసం వింటూ దాని పెరుగన్నం చల్లారిందో ఏమో, కానీ నోట్స్ మాత్రం రాసుకుంది.

ఆ మాటలు చెప్పొచ్చాక నా పూర్వపక్షం రాయడానికి కూర్చున్నా. పేపర్‌లో అన్నిటికన్నా గట్టి భాగం ఇప్పుడు అదే. స్థానిక చెరువులు నమ్మకమైనవి, దూరం నీళ్లు కావు అని సులభంగా అనేయొచ్చు, కానీ 2018లో ఈశాన్య రుతుపవనాలు సరిగా కురవలేదు, 2019 జూన్ నాటికి పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ దాదాపు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి రైలు ట్యాంకర్లలో ట్రిప్పుకి 25 లక్షల లీటర్లు మోసుకొచ్చారు. చెన్నైకి ప్రధానంగా వాన పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కృష్ణకు నీళ్లొచ్చేది పడమటి కనుమల్లో నైరుతి వానలకి. ఒక రుతుపవనం ముఖం చాటేస్తే ఇంకోటి ఆదుకుంటుంది, రెండు వేర్వేరు వానలను నమ్ముకోవడంలో ఎంతో తెలివి ఉంది, తెలుగుగంగకు అసలు బలం అదే అని అవతలివాళ్లు అంటే నేనేం చెప్పాలి?

దీన్ని తప్పించుకుని పోవడం నాకిష్టం లేదు, ఎందుకంటే అది నిజం. ఒప్పుకున్నాను, పేపర్‌లో అలాగే రాశాను. ఒప్పుకోగానే నా వాదన బలహీనపడుతుందేమో అనిపిస్తుంది గానీ, దానికి అంచులు వచ్చాయి. వేరే రుతుపవనం నీళ్లు కాబట్టే కృష్ణా నీటిని వదులుకోకూడదు. అయితే అది వచ్చేది మన చేతిలో లేదు కాబట్టి, వచ్చిన ఏడు పట్టుకునే చోటు కావాలి. ఇక్కడ ఒక లెక్క పక్కపక్కన పెట్టాను. పూండి 3.231, చోళవరం 1.081, పుళల్ 3.3, చెంబరంబాక్కం 3.645, కలిపితే 11.257 టీఎంసీలు. ఒప్పందంలోని 12 టీఎంసీలు ఈ నాలుగు చెరువుల మొత్తం సామర్థ్యం కన్నా కొంచెం ఎక్కువే! విడతలుగా వస్తాయి నిజమే, జూలై-అక్టోబర్‌లో 8, జనవరి-ఏప్రిల్‌లో 4, అయినా రెండు వానలూ బాగా కురిసిన ఏడాది ఆ నీళ్లు ఎక్కడ పెట్టుకుంటారు? 2020లో తేర్వాయ్ కండిగైలో కట్టిన కొత్త రిజర్వాయర్ పట్టేది అర టీఎంసీ. అందుకని నిల్వ గురించి మాట్లాడకుండా వాటా గురించి మాట్లాడటం సగం మాటే అవుతుందని నేను గట్టిగా అనగలిగాను. పొద్దున రాసుకున్న వాక్యంలో 'నిల్వ చేసుకునే' అన్న ముక్క ఊరికే పడింది, సాయంత్రానికి పేపర్ బరువంతా దాని మీదికి వచ్చింది.

ఐదింటికి నాన్న ఫోన్ చేశారు. రోజూ ఏం రాశావని అడుగుతారు, నేను చెప్తాను, మధ్యలో ఆయనకి తోచింది ఆయన చెప్తారు. కాలవలో నీళ్లు దారిలో తగ్గిపోవడం గురించి రాస్తున్నానంటే, "అయితే రాయి మా, కానీ మోటార్లు పెట్టుకున్నోళ్లందరూ దొంగలన్నట్టు మాత్రం రాయబాక. ఎండిన చేను పక్కనే నిండు కాలవ పోతా ఉంటే ఏం చేస్తాడు మనిషి?" అన్నారు. ఆ మాట నన్ను కదిలించింది. చెన్నై పత్రికలు, రిపోర్టులు చదివి చదివి నా పేరా అంతా జీరో పాయింట్ దగ్గర నిలబడి చూస్తున్నట్టుంది. తెలుగుగంగ తాగునీటి పథకం మాత్రమే కాదు, ఉమ్మడి కర్నూలు, కడప, నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో 5.75 లక్షల ఎకరాలకు సాగునీరివ్వాలన్న లక్ష్యం కూడా దానికుంది. రెండు పనులు ఒకే కాలవ మీద పెట్టినప్పుడు కరువు ఏట్లో ఏది వెనక్కి తగ్గాలి? ఈ ప్రశ్న చేర్చాను. చేర్చగానే వాదనకి ఇంకో కాలు వచ్చింది: దారిలో తోడుకోవడం శాంతిభద్రతల సమస్య కాదు, ఆ పథకం నిర్మాణంలోనే ఉన్న పోటీ, పోలీసుల్ని పెట్టినా ప్రతి కరువులో మళ్లీ వస్తుంది. నీళ్లు ఇంకిపోకుండా కాలవకి లైనింగ్ చేశాక ప్రవాహం మెరుగైంది, సత్యసాయి ట్రస్టు ముందుకొచ్చి కాలవ బాగుచేయించడం చాలా పెద్ద మేలు, అది రాయకపోతే అన్యాయం. కానీ లైనింగ్ ఇంకుడును ఆపగలదు గానీ అవసరాన్ని ఆపలేదు.

చీకటి పడ్డాక హాస్టల్లో ప్రింట్ తీసుకుని ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే పైకి చదివాను. మొదటి వాక్యాలన్నీ వరుసగా చదివితే వాదన మొత్తం వినపడాలి, ఎక్కడ తెగితే అక్కడ పేరా చోటు మారాలి. రెండు చోట్ల తెగింది. ఒకచోట ఒకే పేరా రెండు మాటలు మోస్తోంది, విడగొట్టాను. ఇంకోచోట మొదటి వాక్యం 'ఈ సందర్భంలో గమనించాల్సిన విషయం' అంటూ ఏ విషయమో చెప్పకుండా తిరుగుతోంది, తీసేసి విషయమే ముందు పెట్టా. అంకెలున్న ప్రతిచోటా పక్కన పోల్చుకోవడానికి ఇంకో అంకె ఉందా అని చూశాను, ఎందుకంటే ఉత్త టీఎంసీలు చదివేవాడికి ఏమీ చెప్పవు.

ఇంట్రడక్షన్ ఇంకా ముట్టుకోలేదు. పరిశోధన పేపర్ల ఇంట్రడక్షన్లకి జాన్ స్వేల్స్ చెప్పిన మూడు అడుగులు, అంటే రంగం చూపించడం, అందులో ఖాళీ చూపించడం, ఆ ఖాళీలో మన పేపర్‌ని నిలబెట్టడం, అవి ఇప్పుడైతే సులువుగా పడతాయి. నేను చదివినవాటిలో కొన్ని రాష్ట్రాల మధ్య గొడవ గురించి, కొన్ని చెన్నై కొరత గురించి, నిల్వ వైపు నుంచి చూసినవి తక్కువ. అది రేపు. మంగళవారం లోపు మేడమ్‌కి పంపాలి, దానికి ముందు చెన్నై నీటి సరఫరా బోర్డు మెట్రోవాటర్ వాళ్లు రోజూ పెట్టే చెరువుల మట్టాల నుంచి నా పట్టిక మరోసారి సరిచూడాలి, రిఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో రెండు రిపోర్టులకి సంవత్సరం పడలేదు, అవీ నింపాలి.