తూటా తర్వాత పని

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం. మాడిసన్ దాటి 14వ నంబరు హైవే ఎక్కేసరికి శుక్రవారం సాయంత్రం నాలుగున్నర. నవంబరు కదా, అప్పటికే పొద్దు గుంకింది. స్ప్రింగ్ గ్రీన్ దగ్గర విస్కాన్సిన్ నది దాటి, పెట్రోలు కోసం ఆగితే బంకు నిండా వేటగాళ్ల నారింజరంగు కోట్లే. థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగే దుప్పుల తుపాకీ వేట సీజన్ మర్నాడే. ఈ ఒక్క రాష్ట్రంలోనే ఏటా ఐదు లక్షల మందికి పైగా ఈ వేటకి లైసెన్స్ తీసుకుంటారు. అందరి మాటా ఒకటే: రేపు గాలి ఎటు వీస్తుంది?

నన్ను తీసుకెళ్తున్నది మా పక్కింటి పెద్దాయన. హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యారు, డెబ్బైకి దగ్గర పడ్డారు. రిచ్‌లాండ్ సెంటర్‌కి ఆవల ఆయన తమ్ముడికి కొండవాలులో పొలం ఉంది. నేను తుపాకీ పట్టను, లైసెన్సూ లేదు. పక్కన కూర్చుని చూస్తాను, తర్వాత పనిలో చెయ్యేస్తాను, అంతే ఒప్పందం.

నేను ఎందుకు వెళ్లానో చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. మాది రోళ్లపాడు అభయారణ్యం దగ్గర పల్లె. చిన్నప్పుడు శనగ చేలో కృష్ణ జింకల మంద దిగితే మా తాత రాత్రంతా రేకు డబ్బా వాయిస్తూ కాపలా ఉండేవాడు. రాయి మాత్రం విసరనిచ్చేవాడు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వాటిని వేటాడితే జైలేనని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ మంద పరుగెత్తుతుంటే చూడటం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. అలాంటివాణ్ణి, పెద్దాయన రెండేళ్లుగా ఇస్తున్న మాంసం పొట్లాలు తిన్నాను. తిన్నప్పుడు అది ఎలా వచ్చిందో కూడా చూడాలని నా పట్టు.

తెల్లవారుజామున ఐదుంబావుకి చెట్టు మీది మంచె ఎక్కాం. ఇద్దరు పట్టే చెక్క మంచె, అచ్చం మా జొన్నచేలో మంచె లాంటిదే. ఇక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చడానికి అనుమతి. అప్పటిదాకా చీకట్లో ఊపిరి చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. ఈ ప్రాంతాన్ని డ్రిఫ్ట్‌లెస్ అంటారు. మంచుయుగంలో చుట్టుపక్కల నేలంతా హిమానీనదాలు చదును చేసినా ఈ ముక్క తప్పించుకుంది. అందుకే నిటారు గుట్టలు, మధ్యలో సన్నని లోయలు, లోయ అడుగున వాగు.

ఏడున్నరకి వాగు వైపు నుంచి ఒక ఆడదుప్పి పైకి వచ్చింది. దాని వెనక, యాభై అడుగుల దూరంలో, మగది. జతకట్టే కాలం కాబట్టి మెడ ఉబ్బి లావుగా ఉంది. కొమ్ములకి ఎనిమిది కొనలు. మా వైపు తిరగలేదు కానీ ఆగింది. దాని చెవులనే చూస్తూ ఉండిపోయాను. ఒకటి మా వైపు తిప్పింది, రెండోది వాగు వైపే ఉంచింది. రెండు వైపులా ఒకేసారి వింటోంది. నాకు గుండె గొంతులో కొట్టుకుంటోంది.

తుపాకీ పేలింది. దుప్పి వెనక కాళ్లు ఎగరేసి, పొదల్లో పడి పరుగెత్తింది.

నేను లేవబోయాను. పెద్దాయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "అరగంట కూర్చో" అన్నారు. వెంటనే తరిమితే గాయపడ్డ జంతువు ఉన్న బలమంతా కూడగట్టుకుని మైళ్లు పోతుంది, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. ఆ అరగంట నాకు చాలా టెన్షన్‌గా గడిచింది. దిగి చూస్తే ఓక్ ఆకుల మీద గులాబీరంగు నెత్తురు, అందులో సన్నని బుడగలు. "ఊపిరితిత్తులు. మంచిదే" అన్నారు. పచ్చగా, వాసనగా ఏమన్నా కనిపిస్తే పొట్టలో తగిలినట్టు, అప్పుడు చాలా గంటలు ఆగాలట.

ఇరవై అడుగుల తర్వాత జాడ పోయింది. రాలిన ఆకులన్నీ ఎర్రవే, ఏది నెత్తురో ఏది ఆకో తెలియదు. ఆయన చివరి చుక్క దగ్గర నారింజరంగు రిబ్బను కట్టి, దానికి చుట్టూ అర్ధచంద్రాకారంగా వెతకమన్నారు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క ఆకూ తిప్పాను. దొరక్కపోతే? ఎక్కడో పొదలో నొప్పితో పడి ఉంటే? ఆ పొద్దున నాకు తుపాకీ మోత కన్నా ఆ ఆలోచనే ఎక్కువ కష్టంగా అనిపించింది. నలభై నిమిషాలకి ఒక మొక్క కాడ మీద, మోకాలెత్తులో, చిన్న మరక కనపడింది. అక్కణ్ణుంచి ముప్ఫై గజాల్లో పడి ఉంది. ఆయన పొడుగాటి పుల్లతో దాని కంటి గుడ్డుని తాకారు. రెప్ప కదలలేదు. టోపీ తీసి కాసేపు నిలబడ్డారు. నేనూ తీశాను.

తర్వాత జేబులోంచి రెండు జతల రబ్బరు గ్లోవ్స్, నాలుగంగుళాల కత్తి. దుప్పిని వెల్లకిలా తిప్పి వెనక కాళ్లు నన్ను పట్టుకోమన్నారు. ముందు మలద్వారం చుట్టూ గుండ్రంగా కోసి వదులు చేశారు. తర్వాత పొత్తికడుపు దగ్గర చిన్న గాటు. అందులో రెండు వేళ్లు దూర్చి, వేళ్ల మధ్య కత్తి మొనని పైకి పెట్టి, లోపలి పొట్టసంచికి తగలకుండా తోలు మాత్రమే చీల్చుకుంటూ వెళ్లారు. రొమ్ము ఎముక దగ్గర ఆగిపోయారు. తలని గోడకి పెట్టుకోవాలనుకుంటే ఆ పైన కత్తి పెట్టకూడదు. ఆ తోలంతా మెడకి కావాలి, గొంతు అసలే కోయకూడదు.

పక్కటెముకల కింద పల్చటి పొర ఉంటుంది. దాన్ని కోసి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి, కంటికి కనపడని చోట గొంతు గొట్టాన్ని తెంపారు. ఒక్క లాగుతో అన్నీ కలిసి బయటికి వచ్చాయి. ఆవిరి లేచింది. అక్కడే మూత్రసంచి మెలిపడి నా చేతిలో జారింది. నేను తడబడి గట్టిగా పట్టుకునేసరికి రెండు చుక్కలు తొడ లోపలి మాంసం మీద పడ్డాయి. ఆయన ఏమీ అనకుండా సీసాలో నీళ్లు పోసి కడిగి, తడి అయిన చోటు పల్చగా కోసి పారేశారు.

గుండెకాయ, కార్జం సంచిలో వేశారు. మిగతాదంతా అడవికే. మేం దుప్పిని తాడు కట్టి ఈడ్చుకుంటూ వంద గజాలు పోకముందే దాని మీద కాకులు వాలాయి.

మధ్యాహ్నం షెడ్డులో, వెనక కాళ్ల మడమ నరాల్లో ఇనప కొక్కేలు తగిలించి వేలాడదీశాం. తోలు ఒలవడం మొదలుపెట్టగానే నా చేతులకి పాత పని గుర్తొచ్చింది. మా ఊళ్లో పొట్టేలుని వేపకొమ్మకి కట్టి, మా మేనమామ కాలి దగ్గర గాటుపెట్టి గాలి ఊదేవాడు, తోలు లేచి విడిపోయేది. ఇక్కడ ఊదరు. కత్తి కూడా ఎక్కువ వాడరు. పిడికిలి బిగించి తోలుకీ కండకీ మధ్య నెట్టుకుంటూ పోతే అదే వస్తుంది. ముందుకాళ్ల వెనక నుంచి చుట్టూ కోసి, ఆ పైనున్నదాన్ని స్వెటర్ తల మీంచి లాగినట్టు చెవుల దాకా లాగారు. మెడ నాలుగైదంగుళాలు తలతోనే ఉంచి వేరు చేశారు.

అలా ఉంచడానికి కారణం ఉంది. ఈ దుప్పులకి క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు వస్తుంది, సీడబ్ల్యూడీ అంటారు. విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది, ఈ జిల్లాల్లోనే ఎక్కువ. మెదడుని తినేసే ప్రియాన్ అనే చెడ్డ ప్రోటీను. ఉడికించినా చావదు. మనుషులకి సోకినట్టు ఇప్పటిదాకా తేలలేదు, కానీ జబ్బు ఉందని తేలిన జంతువుని తినొద్దనే ఆరోగ్యశాఖ చెబుతుంది. పరీక్షకి గొంతు దగ్గరి లింఫు గ్రంథులు కావాలి. తల మీది తోలు జాగ్రత్తగా ఒలిచి, కొమ్ములున్న పుర్రె ముక్కని రంపంతో కోసి పక్కన పెట్టి, మిగతా తలని సంచిలో కట్టి, రోడ్డు పక్కన రాష్ట్ర సహజవనరుల శాఖ వాళ్లు పెట్టిన డబ్బాలో చీటీతో సహా వేసి వచ్చాం.

ఆ పుర్రె ముక్క పట్టుకున్నప్పుడు ఒక విషయం చెప్పాను, ఆయనకి నచ్చింది. మనం జింక అనే కృష్ణ జింకకి కొమ్ములు మొలిచినప్పట్నుంచీ చచ్చేదాకా అవే. ఈ దుప్పి, మన చుక్కల దుప్పి, కణుజు, ఇవి ఏటేటా కొమ్ములు రాల్చి కొత్తవి మొలిపించుకుంటాయి. తెలుగులో రెండిటికీ వేరే పేర్లున్నాయని ఆయన పుస్తకంలో రాసుకున్నారు.

ఆదివారమంతా మాంసం. వెన్నెముకని రంపంతో కోయరు, జబ్బు భయం. కీళ్ల దగ్గరే విప్పుతారు. ముందుకాలికి ఒంటి ఎముకలతో అసలు కీలే లేదు, జబ్బ ఎముక కండ మీద ఆని ఉంటుంది, కత్తి పెడితే చేతిలోకి ఊడివస్తుంది. వెన్ను పొడవునా ఉండే రెండు కండలు అన్నిటికన్నా మెత్తన. తొడని కండ కండగా పొర వెంట విడదీసి, తెల్లటి పొరలు, కొవ్వు మొత్తం తీసేశాం. మేకకొవ్వులా రుచి ఇవ్వదు ఇది, నోట్లో మైనంలా అంటుకుంటుంది. చివరికి ఎముకల్లేని మాంసం ఇరవై ఐదు కిలోలకి కాస్త తక్కువ తేలింది.

బల్ల మీద కుప్పలు పెట్టాం. ఆయనకి, తమ్ముడికి, పక్క పొలం వాళ్లకి, నాకు. ఇక్కడ వేట మాంసం అమ్మడం నేరం, పంచుకోవడమే. మా ఊళ్లో పోగులు వేసేటప్పుడు తాత ప్రతి పోగులోనూ ఒక ముక్క కార్జం పడేలా చూసేవాడు. నేనూ అలాగే వేశాను.

పన్నెండు రోజులు ఆ పొట్లాలు ఫ్రీజర్‌లో అలాగే ఉన్నాయి. పదమూడో రోజు పెద్దాయన ఫోన్: జబ్బు లేదు. ఆ రాత్రి మా ఆవిడ అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు నూరి, కొవ్వు లేదు కాబట్టి నూనె కాస్త ఎక్కువ వేసి, కుక్కర్‌లో వండింది. వాళ్ల గోదావరి వైపు మేకమాంసాన్నే వేట మాంసం అంటారు. "ఏమండీ, ఆ మాటకి ఇన్నాళ్లకి అర్థం తెలిసింది" అంది.

ఇక తల. జనవరి, ఫిబ్రవరి శనివారాలన్నీ ఆయన బేస్‌మెంట్‌లోనే గడిపాను. తోలుని ఆ ఆదివారం రాత్రే ఉప్పులో వేశారు. అంతకుముందు చెవుల లోపలి మెత్తటి ఎముక నుంచి తోలు విడదీయాలి, పెదాలు, కనురెప్పలు చీల్చి పల్చన చేయాలి. లేకపోతే ఉప్పు అందక అక్కడ కుళ్లి వెంట్రుకలు ఊడిపోతాయి. అయొడిన్ లేని సన్న ఉప్పు మూడు కిలోల పైనే పట్టింది. మర్నాటికి నీరంతా ఊరి కారిపోయింది. ఆ ఉప్పు దులిపి మళ్లీ కొత్తది. ఫోటో చూపిస్తే మా ఆవిడ, అచ్చం వాళ్లమ్మ మాగాయకి ముక్కలు ఊరబెట్టినట్టే ఉందంది. నిజమే, ఊట తీసి ఎండబెట్టడమే.

ఎండిన తోలుని మళ్లీ నానబెట్టి, యాసిడ్ నీళ్లలో ఉంచి, పల్చగా గీకి, టానింగ్ మందు పట్టించారు. లోపల ఎముక ఉండదు, గట్టి ఫోమ్ బొమ్మ ఉంటుంది. కంటి మూల నుంచి ముక్కు దాకా, మెడ చుట్టూ, కొలతలిచ్చి తెప్పించుకోవాలి. మాది జతకాలపు ఉబ్బిన మెడ కాబట్టి పెద్ద సైజు. పుర్రె ముక్కని స్క్రూలతో బిగించి, జిగురు రాసి, తోలు తొడిగి, మెడ వెనక దారంతో కుట్టాం. ఆ కుట్టు సగం నాదే.

గాజు కళ్ల చుట్టూ మట్టి పెట్టి రెప్పలు సర్దడానికి ఆయనకి ఒక పూట పట్టింది. అది అయ్యాక గుండుసూదులు చేతిలో పట్టుకుని చెవుల దగ్గర ఆగిపోయారు. ఎండిపోయాక మార్చడానికి ఉండదు.

"నేను స్కోపులోంచి భుజం ఒక్కటే చూశాను. నువ్వు మొత్తం చూశావుగా. చెవులు ఎలా ఉన్నాయి?"

"ఒకటి మన వైపు, ఒకటి వాగు వైపు" అన్నాను.

కుడి చెవిని కాస్త ముందుకి తిప్పి, ఎడమదాన్ని వెనక్కి వంచి, నన్ను పట్టుకోమని, ఒక్కొక్క సూదీ గుచ్చారు.