ముద్ర లేని మాంసం: నా అనుభవం

ఆ ఆదివారం ఇంకా ఆరు కూడా కాలేదు. విజయవాడ సింగ్ నగర్‌లో మా మటన్ కొట్టు వెనకాల రెండు పొట్టేళ్లు కోసి అప్పుడే కొక్కేలకి వేలాడదీశాం. శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి తొడ తిప్పి చూశారు.

"ముద్ర ఏదయ్యా?"

కబేళాలో పశువుల డాక్టరు చూసి మాంసం మీద వేయించే ముద్ర అది. మా దగ్గర లేదు, ఏం చెప్పను? మాంసమంతా పట్టా మీద వేయించి బ్లీచింగ్ చల్లించారు. నాన్న 30 ఏళ్లు కూర్చున్న మొద్దు పక్కనే నిలబడి చూశాను. తప్పు నాదే. కబేళా దాకా ఎందుకులే, ఇక్కడైతే పని తొందరగా అవుతుందని నేనే అనుకున్నాను.

చలానా కట్టినా టెన్షన్ పోలేదు. తెలిసిన లాయరు గారిని కలిశాను. 2001 కబేళా నిబంధనల ప్రకారం ఊళ్లో లైసెన్సున్న కబేళాలో తప్ప కోయకూడదట. మీరితే 100 రూపాయల దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. వందే కదా అనుకునేలోపే జైలు మాట విని గొంతు తడారిపోయింది.

"నీవి గొర్రెలు, మేకలు కాబట్టి ఇంతే. పశువులకి 1977 చట్టం వేరే ఉంది" అన్నారాయన. ఆవుని, దూడని కోయడం పూర్తిగా నిషేధం. ఎద్దు, దున్నపోతు, గేదె లాంటివైతే ఇక సేద్యానికీ పాడికీ పనికిరావని అధికారి రాసిచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే 6 నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారంటు లేకుండానే పట్టుకోవచ్చు.

తర్వాతి వారం మూడు జీవాలని ముందురోజే కబేళాకి తోలుకెళ్లాను. డాక్టరు చూశాక 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆయన ఒక గొర్రె పొట్ట తడిమి, "ఇది సూడిది, కోయడానికి లేదు" అని పక్కన కట్టించారు. సంతలో నేను గమనించనే లేదు.

కోత అయ్యాక ఒక కార్జాన్ని కత్తితో చీల్చి నాకు చూపించారు. పైత్యరసం గొట్టాల్లోంచి చిన్న ఆకుల్లాంటి కార్జపు జలగలు, అంటే కార్జంలో బతికే పురుగులు, బయటపడ్డాయి. పైకి మాత్రం ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది! నేనైతే మంచి ముక్క అని అమ్మేసేవాణ్ణి. పిల్లలకని వారం వారం కార్జం అడిగి తీసుకెళ్లే ఆవిడ గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లూ ఏం చూసి అమ్మాను?

సూడి గొర్రెని అమ్మిన కాపరికే తిరిగి ఇచ్చేశాను.

ఆదివారం ఆవిడ వచ్చారు. "ఈ వారం ఒకదాని కార్జం డాక్టరు గారు పారేయించారమ్మా. ఇది రెండోదానిది, చూసి పంపించారు" అని చెప్పి, తొడ తిప్పి ముద్ర చూపించాను. సిరా ఇంకా పూర్తిగా ఆరలేదు.