పోపు అలవాటైన చేతికి అర్రబ్బియాతా పట్టుబడే దాకా

రోమ్‌లో చదువుకున్న రెండేళ్లూ నేను అద్దెకున్నది ఒక పెద్దావిడ ఇంట్లో. వంటగది ఇద్దరికీ ఒకటే. అందరిలాగే నేనూ ఆవిడని సిన్యోరా, అంటే అమ్మగారూ, అనేదాన్ని. చలికాలంలో ఒకరోజు, కారం లేక నాలుక చచ్చిపోయిందని వచ్చీరాని ఇటాలియన్‌లో మొరపెట్టుకుంటే, "అయితే అర్రబ్బియాతా నేర్చుకో" అంది.

అర్రబ్బియాతా అంటే కోపం వచ్చినది అని అర్థం. రోమ్ ఉన్న లాజియో ప్రాంతపు పాస్తా సాస్ అది. టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనె, ఉప్పు. అంతే. గుంటూరులో పుట్టిపెరిగిన నాకు ఇదో లెక్కా అనిపించింది.

ఆవిడ ఊళ్లో లేని ఆదివారం మొదలుపెట్టాను. పొగ వచ్చేదాకా నూనె కాచి, వెల్లుల్లి, ఎండుమిర్చి ఒకేసారి వేశాను. కన్నుమూసి తెరిచేలోపు వెల్లుల్లి నల్లబడింది. ఆ ఘాటుకి దగ్గు ఆగలేదు. టమాటాలు పోసినా చేదు పోలేదు. దాన్ని కప్పెట్టాలని ఉల్లిపాయ, జీలకర్ర, ఇంకాస్త కారప్పొడి వేశాను. చివరికి మాడు వాసన కొట్టే టమాటా కూర మిగిలింది. అంత మంచి నూనె చెత్తబుట్ట పాలు చేస్తుంటే ఏడుపొచ్చింది.

సాయంత్రం సిన్యోరా రాగానే వాసన పట్టేసింది. తిట్టలేదు. స్టవ్ దగ్గరికి పిలిచి, వెలిగించకుండానే పాన్‌లో నాలుగు చెంచాల నూనె పోసింది. రెండు వెల్లుల్లి రెబ్బలు కత్తి బద్దతో నొక్కి ఆ చల్లటి నూనెలోనే వేసింది. ఆ తర్వాతే సన్నమంట. నా చెయ్యి మాటిమాటికీ మంట పెంచడానికి పోతోంది. "ఆగు అమ్మాయీ, విను" అంది.

మన పోపు చిటపటలాడితేనే అయినట్టు. ఇక్కడ ఆ చప్పుడు వినిపించిందంటే ఆలస్యమైపోయినట్టే. వెల్లుల్లి అంచు చుట్టూ సన్నటి బుడగలు లేవాలి, చెవి దగ్గర పెడితే తప్ప వినపడనంత మెల్లగా. రెబ్బ తెలుపు పోయి ఎండుగడ్డి రంగులోకి, అక్కణ్ణుంచి లేత బంగారు రంగులోకి వచ్చేటప్పుడు ఎండుమిర్చి తుంచి వేసింది. అర నిమిషానికి నూనె నారింజరంగుకి తిరిగింది. మిర్చిలోని మంట నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. అలా నిదానంగా దిగిన కారం ఒకచోట గుచ్చుకోకుండా సాస్ అంతటా పరుచుకుంటుంది. ఇన్నేళ్లూ కారం అంటే ఎంత వేశామన్నదే అనుకున్నాను. ఎలా దింపామన్నది ఆ పాన్ ముందే తెలిసింది.

తరువాత 400 గ్రాముల డబ్బాలోని తొక్కతీసిన సాన్ మార్జానో అనే ఇటలీ రకం టమాటాలు చేత్తో చిదిపి పాన్‌లో వేసింది. మొదట పులుపెక్కువనిపించి చక్కెర అందుకోబోయాను. వద్దని తలూపింది. పావుగంట ఉడికేసరికి పులుపు దానంతటదే సర్దుకుంది, అంచుల్లో ఎర్రటి నూనె తేలింది. అది చూడగానే నాకు ధైర్యం వచ్చింది. మా అమ్మ టమాటా పచ్చడి దించేదీ ఆ గుర్తుతోనే కదా!

పాస్తా సంగతికొస్తే, పెన్నే అనే గొట్టాల రకం. వంద గ్రాములకి లీటరు నీళ్లు, పది గ్రాముల ఉప్పు. పంటికి కాస్త గట్టిగా తగిలేలా ఉండగానే, అంటే ప్యాకెట్ మీద రాసిన టైముకి రెండు నిమిషాల ముందే, తీసి సాస్‌లో వేసి, ఉడికిన నీళ్లు ఒక గరిటె పోసి పెద్దమంట మీద ఎగరేయాలి. ఆ నీళ్లలోని గంజే సాస్‌ని గొట్టాలకి పట్టిస్తుంది. దించాక కొత్తిమీరలాంటి పార్స్‌లీ ఆకు తరుగు. గొర్రెపాల పెకొరీనో చీజ్ కొందరు తురుముతారు, సిన్యోరా మాత్రం వేయదు.

నాకు చెయ్యి కుదరడానికి ఇంకో మూడు ఆదివారాలు పట్టింది. నాలుగోసారి ఆవిడ వాడే దక్షిణ ఇటలీ కలాబ్రియా మిర్చికి బదులు అమ్మ పంపిన గుంటూరు మిరపకాయలు రెండు గింజలు దులిపి వేశాను. ఆవిడకి మిర్చి అంటే ఇటలీదే, నాకు గుంటూరుదే. నిజానికి మిర్చి, టమాటా రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. 1492లో కొలంబస్ అటు వెళ్లే నాటికి ఇటలీలోనూ లేవు, మన దగ్గరా లేవు. ఆ మాట చెబితే సిన్యోరా ఒప్పుకోలేదు కానీ, ప్లేటు అడుగున మిగిలిన సాస్‌ని మాత్రం రొట్టెముక్కతో తుడుచుకుని తింది.

ఇప్పుడు గుంటూరులోనే వండుతున్నాను. డబ్బా టమాటాలు కొనను. బాగా పండిన కాయల్ని వేణ్ణీళ్లలో ముంచి తొక్క తీస్తాను. మన కాయల్లో నీరెక్కువ, అందుకే పావుగంట సరిపోదు, ఇరవై అయిదు నిమిషాలైనా ఉడకాలి. అమ్మ ఇప్పటికీ పక్కన నిలబడి "నూనె కాగనివ్వవే" అంటుంది. నేను మంట ఇంకాస్త తగ్గిస్తాను.