0.38 అంటే ఏంటో చెప్పే నాథుడే లేడు: హెచ్ఐవీ టెస్టుతో నా అనుభవం

ఆఖరి రిపోర్ట్ నిన్ననే వచ్చింది, నెగెటివ్. ఆ వేడి మీదే రాస్తున్నా. ఎవరితో, ఎక్కడ అన్నది మీకు అనవసరం, కండోమ్ చిరిగింది, అంతే. 72 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే పెప్ మందులు (హెచ్ఐవీ అంటుకోకుండా ఆపేవి) మొదలుపెడతారు, 28 రోజులు వాడాలి. నాకా సంగతి తెలిసేసరికే గడువు దాటిపోయింది.

రెండో వారంలో ఓ ప్రైవేట్ ల్యాబ్‌కి వెళ్లా. రక్తం ఇవ్వడం నిమిషం పని. కానీ కౌంటర్‌లో అమ్మాయి హాలంతా వినబడేలా "హెచ్ఐవీకి ఎవరండీ?" అని పిలిచింది. షుగర్ టెస్టుకి వచ్చిన ఓ పెద్దాయన నా పక్క కుర్చీలోంచి లేచి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మన వివరాలు గోప్యంగా ఉంచాలని 2017లో చట్టమే చేశారు, వీళ్లకి డబ్బు కట్టించుకోవడం తప్ప ఏ చట్టమూ పట్టదు.

రిపోర్ట్‌లో నాన్ రియాక్టివ్, అంటే నెగెటివ్, పక్కన 0.21. కొన్ని వారాల తర్వాత అక్కడే మళ్లీ చేయిస్తే 0.38. ఇక చూడండి నా టెన్షన్! అంకె పెరిగిందంటే లోపల వైరస్ పెరుగుతోందనేగా? గొంతు నొప్పి కూడా మొదలైంది, నాలుక అద్దంలో చూసుకోవడమే పని. ల్యాబ్ డాక్టర్‌ని అడిగితే తలెత్తకుండా "నెగెటివే కదా, వెళ్లండి" అన్నాడు. మా వీధి ఆర్‌ఎంపీ అయితే ఆరు నెలలు ఆగితేగానీ ఏదీ చెప్పలేమన్నాడు. ఒకడు నోరు విప్పడు, ఇంకొకడు విప్పితే భయపెడతాడు.

చివరికి జిల్లా ఆసుపత్రిలో ఐసీటీసీకి, అంటే హెచ్ఐవీ కౌన్సెలింగ్, టెస్టులు చేసే ప్రభుత్వ కేంద్రానికి వెళ్లా. తలుపేసి కూర్చోబెట్టి కౌన్సెలర్ మేడమ్ అడిగిన మొదటి మాట: "ఎన్ని రోజులైంది బాబూ?" అన్ని డబ్బులు తీసుకున్న ల్యాబ్‌లో ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు! అసలు విషయమంతా దాంట్లోనే ఉంది. రెండో వారంలో వచ్చిన నెగెటివ్‌ని నమ్ముకోకూడదట. నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే ఫోర్త్ జనరేషన్ టెస్టు వైరస్ తాలూకు పీ24 అనే ప్రొటీన్‌నీ, దాని మీద పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలనీ రెండిటినీ చూస్తుంది, అయినా ఎక్కువమందిలో పట్టడానికి 18 నుంచి 45 రోజులు పడుతుంది. వేలి మీద చుక్క తీసి చేసే ర్యాపిడ్ టెస్టుకైతే 90 రోజులు లెక్కపెట్టుకోవాలి. పెప్ వాడినవాళ్లకి లెక్క వేరు, వాళ్లు అక్కడే అడగాలి.

మరి నా 0.38? మిషన్‌కి అందిన సిగ్నల్‌ని కటాఫ్‌తో, అంటే ముందే పెట్టుకున్న హద్దుతో భాగిస్తే వచ్చే అంకె అది. 1 లోపు ఎంతున్నా నాన్ రియాక్టివే, 0.21కీ 0.38కీ తేడా మిషన్‌లో మామూలుగా వచ్చే హెచ్చుతగ్గే తప్ప రోగం కాదు. ఒకవేళ రియాక్టివ్ వచ్చినా ఒక్క కిట్‌తో తేల్చేయరు, వేరే కిట్లతో మళ్లీ చూసి మొత్తం మూడిట్లోనూ వస్తేనే పాజిటివ్ అంటారు. గొంతు నొప్పిని బట్టి ఎవరూ ఏదీ చెప్పలేరు.

మూడు నెలలు నిండాక మళ్లీ రమ్మన్నారు, వెళ్లా, అయిపోయింది. పైసా తీసుకోలేదు. నిద్ర పట్టక ఫోన్‌లో లక్షణాలు వెతుక్కుంటున్నవాళ్లు 1097కి చేయండి, అదీ ఉచితమే. ప్రైవేట్‌లోనే చేయించుకుంటానంటారా, ఏ టెస్టు, ఎన్నో రోజు అని మీరే అడిగి రాయించుకోండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.