చదవనిస్తోంది, రాయనివ్వడం లేదు

ఆదివారం, అనంతపురం

పొద్దున ఉగ్గాని తిని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో నిన్న నాయన పాడిన చెక్కభజన పాటలను ఫోన్‌లోంచి హార్డ్‌డిస్కులోకి ఎక్కించాలి. ఫైల్ లాగి వేస్తే ‘రీడ్ ఓన్లీ’ అని, అంటే ఉన్నవి చదవడమే తప్ప కొత్తవి రాయడం కుదరదని మెసేజ్ వచ్చింది. కొత్త ఫోల్డర్ కూడా చెయ్యనివ్వలేదు. పాత పాటలు మాత్రం అన్నీ కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి.

చాలా టెన్షన్ పడ్డాను. అందులో ఇప్పుడు లేని మా పెద్దనాయన గొంతు ఉంది. ఆ పాటలకు ఇంకో కాపీ లేదు.

పెళ్లి ఫోటోల కోసం ఆ డిస్కును మొన్న మా అక్క కొడుకు తీసుకెళ్లి వాడాడు. ఫోన్ చేస్తే, "పాడైపోయినట్టుంది మామా, ఫార్మాట్ కొట్టెయ్" అన్నాడు. "వద్దురా, ఏమీ చెయ్యొద్దు" అన్నాను. ఉన్నవన్నీ చెరిపేసే ఈ సలహా ఎవరు ఇచ్చినా నాకు కోపం వస్తుంది. రాయనివ్వకపోయినా చదవనిస్తున్న డిస్కులో మన సరుకు చాలాసార్లు ఇంకా పదిలంగానే ఉంటుంది. లోపల ఏదో తేడా కనిపించి, పైన రాస్తే ఉన్నది కూడా చెడుతుందని సిస్టమ్ తనంతట తాను రాయడం ఆపేస్తుంది. అలాంటప్పుడు ముందు చెయ్యాల్సింది రిపేరు కాదు, కాపీ. మొత్తం కంప్యూటర్‌లోకి దించడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాకా పట్టింది. ఎండకు ఫ్యాను గాలి కూడా వేడిగానే ఉంది, అయినా కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

కాపీ అయ్యాక కారణం వెతికాను. మొదటి భయం డిస్కే చచ్చిపోతోందేమోనని. నా కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ కాదు, ఉబుంటు అనే లినక్స్. అందులో సిస్టమ్ మెసేజ్‌లు చూపించే డీమెసేజ్ కమాండ్ కొట్టి చూస్తే ఐ/ఓ ఎర్రర్లు, అంటే డిస్కును చదవడంలో రాయడంలో వచ్చే తప్పులు, లేవు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్లు, అంటే చదవలేక అనుమానంలో పెట్టిన చోట్లు, సున్నా. ఆ అంకె పెరుగుతూ ఉంటే మాత్రం ఏ రిపేరూ పెట్టుకోకుండా డేటా తీసుకుని డిస్కు పక్కన పెట్టాల్సిందే. కేబుల్ మార్చి చూశాను, తేడా లేదు. చివరికి సిస్టమ్ లాగ్‌లో దొరికింది: ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతి) పార్టిషన్ సురక్షితమైన స్థితిలో లేదు, అందుకే చదవడానికి మాత్రమే తెరిచాం, విండోస్‌ను పూర్తిగా షట్‌డౌన్ చెయ్యండి అని.

అప్పుడు మేనల్లుణ్ణి అడిగితే, డిస్కు ఉండగానే ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, ఆ తర్వాత పీకానన్నాడు. అందులో వాడి తప్పేముంది? ఆఫ్ అయిందనే కదా ఎవరైనా అనుకునేది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి పోతుంది. డిస్కు లెక్కలు కొన్ని తెరిచే ఉండిపోతాయి. నా ఉబుంటు వాటిని చూసి ఆగిపోయింది. రీస్టార్ట్ కొడితే మాత్రం విండోస్ పూర్తిగా ఆగి మళ్లీ మొదలవుతుంది.

దీన్ని సరిచెయ్యడానికి ఉబుంటులో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ ఉంది కానీ నేను వాడలేదు. అది చిన్నచిన్న తేడాలు సరిచేసి, అసలు పరీక్షను విండోస్‌కే వదిలేస్తుంది. సాయంత్రం వాడు ల్యాప్‌టాప్‌తో ఇంటికి వచ్చాడు. డిస్కు తగిలించి, డిస్కును పరీక్షించే విండోస్ కమాండ్ చెక్‌డిస్క్‌ను, తప్పులు సరిచేసే ఎఫ్ ఆప్షన్‌తో నడిపాం. అయ్యాక సేఫ్‌గా ఎజెక్ట్ చేసి నా కంప్యూటర్‌కు పెడితే ఫోల్డర్ వెంటనే తయారైంది. వాడి కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేశాం.

"మా ఫ్రెండు మ్యాక్‌లో కూడా ఇట్లే అయింది మామా" అన్నాడు వాడు. ఆ సంగతి వేరు. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను మామూలుగానే చదువుతుంది తప్ప రాయదు, డిస్కు చెడినట్టు కాదు. డిస్కును ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతికి మార్చుకుంటే విండోస్, మ్యాక్, ఉబుంటు మూడింట్లోనూ నడుస్తుంది. కానీ దానికి జర్నల్, అంటే చేస్తున్న మార్పులను ముందే రాసిపెట్టుకునే చిట్టా, లేదు; రాస్తుండగా కరెంటు పోతే నష్టం ఎక్కువ. అందుకే నేను మార్చలేదు.

రాత్రి నాయన ఫోన్ చేసి "ఎక్కించినావా?" అని అడిగాడు. ఎక్కించానని చెప్పాను. రేపు సుభాష్ రోడ్డుకు పోయి రెండో డిస్కు కొనాలి, పెద్దనాయన పాటలు ముందు దాంట్లో వెయ్యాలి.