పదో రోజు

నాన్నకి లింఫోమా, అంటే లింఫు కణాల్లో వచ్చే క్యాన్సర్. దానికిచ్చే ఆర్-చాప్ అనే కీమో విడతలో ఇవాళ పదో రోజు. నాన్న పేపరు మొత్తం చదివారు, ఇడ్లీలు అడిగి మరీ పెట్టించుకున్నారు, సాయంత్రం అగర చెరువు దాకా నడిచొద్దామన్నారు. చూసేవాళ్ళకి జబ్బు సగం తగ్గినట్టే ఉంటుంది. లింఫోమా వైద్యంలో మనం ఏమరిచేది సరిగ్గా ఇలాంటి రోజునే.

విడత అంటే 21 రోజులు. మొదటి వారం కష్టమంతా పైకి కనబడుతుంది. ఎర్రటి డాక్సోరూబిసిన్ ఎక్కించాక ఒకట్రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం, వేళ్ళ చివర తిమ్మిరి. చొక్కా గుండీలు పెట్టుకోవడం దగ్గర తెలిసిపోతుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రోజుకి 100 మిల్లీగ్రాముల చొప్పున అయిదు రోజులు. వాటిని పొద్దున టిఫిన్ తిన్నాక ఒకేసారి వేసుకుంటే రాత్రి కాస్త కన్ను మూతపడుతుంది. షుగరున్నవాళ్ళు పరగడుపున చూసుకుని ఊరుకోకూడదు, ఈ మందుతో అది పెరిగేది మధ్యాహ్నం దాటాక. రెండో వారానికి ఇవన్నీ చాలావరకు సద్దుమణుగుతాయి. ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య తెల్లకణాలు అట్టడుక్కి పడేది కూడా అప్పుడే.

ల్యాబ్ రిపోర్టులో చాలామంది మొత్తం తెల్లకణాల అంకె దగ్గరే ఆగిపోతారు. చూడాల్సింది న్యూట్రోఫిల్స్, బాక్టీరియాతో ముందుగా పోరాడే తెల్లకణాలు. మొత్తం 1,800 ఉండి, అందులో న్యూట్రోఫిల్స్ 25 శాతమైతే లెక్క 450. 500 కంటే తగ్గితే, పేగుల్లో ఎప్పటినుంచో కాపురముంటున్న సూక్ష్మజీవి కూడా రక్తంలోకి ఎక్కొచ్చు. చీము పట్టాలన్నా కణాలు కావాలి కదా! అందుకని ఎరుపు, వాపు, కఫం అంతగా బయటపడవు. చాలాసార్లు జ్వరమొక్కటే కబురు.

కాబట్టి థర్మామీటరు పొద్దునా సాయంత్రమూ, చలిగా అనిపించినప్పుడల్లానూ. 100.4 ఫారన్‌హీట్ తాకితే ఆస్పత్రికి ఫోను, ఆ వెంటనే ప్రయాణం. ముందొక డోలో వేసి చూద్దాం అనుకోవడం మన ఇళ్ళలో మామూలు. మాత్రతో అంకె దిగుతుంది, ఇన్ఫెక్షన్ లోపల అలాగే ముదురుతుంది. ఆస్పత్రికి చేరిన గంటలోపు రక్తనాళంలోకి యాంటీబయాటిక్ వెళ్ళాలి. బెంగళూరులో ఆ గంటకి ముందు సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో పోయే సమయం కూడా కలుపుకోవాలి గనక, అర్ధరాత్రి చేర్చుకునే ఆస్పత్రి ఏదో, ఆ వేళ అక్కడ ల్యాబ్ ఉంటుందో లేదో ముందే అడిగి పెట్టుకోవాలి. ఫైలు మీద ఒక కాగితం: జబ్బు పేరు, ఎక్కిస్తున్న మందులు, ఆఖరి కీమో తేదీ, పడని మందులు. డ్యూటీ డాక్టరుకి లావుపాటి ఫైలు తిరగేసే తీరిక ఉండదు.

వంటింట్లో మారినవి కొన్నే, కానీ అవి కచ్చితం. వేడివేడిగా వండింది అప్పటికప్పుడే తినాలి. కొత్తిమీర దించాక చల్లకుండా ఉడుకుతుండగానే వేయాలి. దర్శినిలో, అంటే ఇక్కడి నిలబడి తినే టిఫిన్ హోటల్లో, కొబ్బరి చట్నీ, బండి మీద కోసిన బొప్పాయి ముక్కలు, చెరుకురసం వద్దు. ఇంట్లో కడిగి తొక్క తీసుకునే అరటిపండు, కమలాపండు ఫరవాలేదు. ట్యాంకరు నీళ్ళయినా కావేరి నీళ్ళయినా మరగకాచి చల్లార్చినవే. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు మీద ఒక్కో డాక్టరుది ఒక్కో మాట. ఆవకాయని మాన్పించే పని లేదు, నోరు పూసిన రోజుల్లో తనంతట తనే దూరమవుతుంది. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు, అర చెంచా వంటసోడా కలిపి, తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందూ పుక్కిలిస్తే కాస్త ఉపశమనం.

చిన్నత్తా వాళ్ళు అనంతపురం నుంచి ఆదివారం వస్తామన్నారు. పై వారం రమ్మన్నాం. పిల్లాడికి జలుబట, అప్పుడూ వాణ్ణి వదిలి రమ్మని చెప్పడం ఇంకా మిగిలే ఉంది.

లిఫ్టులో నున్నటి తల చూసి తిరుపతి ఎప్పుడెళ్ళొచ్చారంకుల్ అంటే నాన్న మొన్ననే అంటారు. మొదటి కీమో తరవాత రెండుమూడు వారాలకి జుట్టు దువ్వెనలోకి వస్తుంది. అప్పుడు మెషిన్‌తో కత్తిరించాలి. బ్లేడు వద్దు, గాటు పడితే ఇన్ఫెక్షన్‌కి అదే దారి.

ఇక ఇన్సూరెన్స్. కీమో డే కేర్ కింద వస్తుంది, 24 గంటలు ఆస్పత్రిలో ఉండనక్కర్లేదు. కానీ విడత విడతకీ క్యాష్‌లెస్ అనుమతి కొత్తగా అడగాల్సి వస్తోంది. అది మధ్యాహ్నానికి వస్తే, గంటల తరబడి మెల్లగా ఎక్కించే రితుక్సిమాబ్ (ఆర్-చాప్‌లో ‘ఆర్’ ఇదే) ఆ పూట పూర్తికాదు. అందుకని ఆస్పత్రి ఎస్టిమేటు పందొమ్మిదో రోజునే పంపించాలి. ఇరవయ్యో రోజు రక్తపరీక్ష. న్యూట్రోఫిల్స్ 1,000, ప్లేట్‌లెట్లు లక్ష దాటకపోతే విడత వాయిదా పడొచ్చు. రిపోర్టు చూశాకే ఆఫీసులో సెలవు అడగాలి.